పాలవలసలో గంప దించిన రోజు

వేట నిషేధం ఎత్తేసిన మర్నాడు తెల్లవారేసరికి ఆ జాలరిపేటలో ఆడమనిషన్నది ఇంట్లో కనిపించదు. మంచం దిగలేని ముసలమ్మలు తప్ప అందరూ ఒడ్డునే ఉంటారు. రెండు నెలలుగా ఇసుకలో పడి ఉన్న పడవలు గంగమ్మ తల్లికి దణ్ణం పెట్టుకుని చీకటుండగానే నీళ్లలోకి దిగుతాయి. అవి తెచ్చే మొదటి చేప కోసం ఆడవాళ్లు గంపలు పట్టుకుని కాచుకుంటారు.

ఆ రోజు అంత తొందర ఎందుకంటే, పేటలో ఒక కట్టుబాటు ఉంది. మొదటి వేట చేపతో ఏ ఊళ్లో ఎవరు గంప దించితే, మళ్లీ నిషేధం వచ్చేదాకా ఆ ఊరు వాళ్లది. ఇంకొకరు ఆ ఊరి పొలిమేర తొక్కరు. ఎవరికైనా జబ్బు చేస్తే వాళ్ల బదులు వేరొకరు తిరగొచ్చు. కానీ కొత్త వేట మొదలైన రోజున మాత్రం సొంత మనిషే వెళ్లాలి. వెళ్లకపోతే ఆ ఊరు బదులు తిరిగినవాళ్లదైపోతుంది.

చిన్నతల్లికి మూడు ఊళ్లు ఉండేవి. పాలవలస, నడిపల్లి, జగ్గయ్యవలస. ఆమె అత్తగారు తిరిగి తిరిగి సంపాదించిన ఊళ్లవి. అత్తగారు కాలు విరిగి కూర్చున్నాక గంప కోడలి నెత్తికెక్కింది. ఆ ఊళ్లలో ఏ ఇంట్లో చంటిపిల్లలున్నారో, ఏ ముసలాయనకి పళ్లు లేక మెత్తటి చేప కావాలో, ఎవరు శనివారం నీచు ముట్టరో ఆమెకి తెలుసు.

కిందటేడు దసరా వెళ్లాక ఆమె గంప మూలన పెట్టేసింది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చేతికి గట్టిగా ఏదో తగిలింది. విశాఖపట్నం తీసుకెళ్తే పరీక్షలు చేసి క్యాన్సరన్నారు. రొమ్ము తీసేశారు. చంక కింద గడ్డలు తీసేశారు. తర్వాత కీమో మందులెక్కించారు, ఆ తర్వాత రేడియేషన్ కరెంటు పెట్టారు. జుట్టంతా రాలిపోయింది. నోట్లో ఏం పెట్టుకున్నా ఇనుము నమిలినట్టుండేది. చేపల వాసనలో పుట్టి పెరిగిన మనిషి పులుసు వాసనకి ముక్కు మూసుకుని పెరట్లోకి పరిగెత్తిన రోజులు కూడా ఉన్నాయి.

అవన్నీ గడిచాయి. చివరిసారి వెళ్లినప్పుడు పెద్ద డాక్టరమ్మ కాగితాలు చూసి, "ఇంక పని చేసుకోవచ్చమ్మా" అంది. బయటికొచ్చాక నర్సమ్మ జాగ్రత్తలు చెప్పింది. ఎడమ చేత్తో బరువెత్తకూడదు. ఆ చేతికి సూది పొడిపించుకోకూడదు, కోత పడనివ్వకూడదు, ముల్లు గుచ్చుకోనివ్వకూడదు, చెయ్యి వాచిపోతుంది.

"నువ్వేం పని చేస్తావు?" అనడిగింది నర్సమ్మ అంతా చెప్పాక.

"సేపలమ్ముతానమ్మా. కోసి ఇస్తాను."

నర్సమ్మ ఆమె వంక చూసి, నవ్వాలో వద్దో తెలియక, "అయితే మళ్లీ మొదటి నుంచి చెప్తాను, జాగ్రత్తగా విను" అంది.

చెయ్యి బిగుసుకుపోకుండా గోడ వ్యాయామం కూడా నేర్పింది. గోడకెదురుగా నిలబడి వేళ్లని మెల్లిగా పైకి పాకించాలి. చిన్నతల్లి ఒక్కరోజు కూడా మానలేదు. మొదట్లో భుజం దాటేది కాదు చెయ్యి. ఇప్పుడు కిటికీ పైగట్టు అందుతోంది.

ముందురోజు సాయంత్రం ఆమె మొగుడు ఎర్రన్న వల సర్దుకుంటూ, "ఊళ్లు పోతే పోనీ. నాను బతికున్నాను గదా" అన్నాడు.

"నానూ బతికున్నాను గదా మావా. బతికున్నదాన్ని గోడకేసి సూస్తా కూసోమంటావా?"

"రోజూ బల్లిలాగ ఎక్కుతానే ఉన్నావు గదా గోడ."

ఆమె నవ్వింది గానీ ఆ మాట దగ్గర ఆగలేదు. ఈ ఊళ్లు పోతే తనకి వేరే ఊళ్లు రావు. చుట్టుపక్కల ఊళ్లన్నీ ఎవరో ఒకరివే. పైగా ఈ కొన్ని నెలలూ ఆ మూడు ఊళ్లూ తన బదులు తిరిగింది తోడికోడలు మరిడమ్మ. మరిడమ్మ చేతిలో పడ్డది ఏదైనా తిరిగిరావడం ఆమె ఇంతవరకూ చూడలేదు. ఒకవేళ ఇచ్చినా, ఆ ఊళ్లలో ఆడవాళ్లు ఈ రోగం సంగతి తెలిస్తే తన చేతి చేప తింటారా? ఆ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక మొగుణ్ణి కూడా అడగలేదు.

తెల్లవారగానే పాత చీర పేలిక ఒకటి గుండ్రంగా చుట్టి జాకెట్టులో ఎడమ పక్క సర్దుకుంది. ఆసుపత్రిలో దూది దిండు ఇచ్చారు గానీ చెమటకి అది నిలవడం లేదు. చీర కుచ్చిళ్లు ఎగదోపి, గంప చంకన పెట్టుకుని ఒడ్డుకి నడిచింది.

పడవలు అప్పటికే ఒకటొకటిగా ఒడ్డుకి చేరుతున్నాయి. ఒకరి మాట ఇంకొకరికి వినబడనివ్వని ఆడవాళ్లు ఆమెని చూసి గొంతు తగ్గించారు. ఒకామె పక్కకి జరిగి దారిచ్చింది. మొదటి వేట రోజున ఒడ్డున దారివ్వడం అనేదే ఉండదు. ముందుకి తోసుకుని వెళ్లాల్సిందే. చిన్నతల్లికి ఆ ఇచ్చిన దారిలో నడవబుద్ధి కాలేదు. ఇంటికి పోదామా అనుకుంది.

"ఒలే సిన్నతల్లీ." మరిడమ్మ గొంతు. పెద్ద మనిషి, మొరటు గొంతు, నిప్పు కొన నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట. అది తీయకుండానే మాట్లాడగలదు. "గాలికొచ్చేవా, ఊళ్లడగడానికొచ్చేవా?"

"ఊళ్లకే వచ్చేనక్కా."

"ఏది, సెయ్యెత్తు."

చిన్నతల్లి ఎడమ చెయ్యి ఎత్తింది. తల మీదికి వచ్చింది గానీ అక్కడ కొంచెం వణికింది. మరిడమ్మ తలకాయ పక్కకి వాల్చి కొనబోయే చేపని చూసినట్టు చూసింది.

"పాలవలస నువ్వే ఏలుకో. ఆ ఊరోల్లతోటి నాకు పడదు. కవళ్లు కొంటారా, పొలుసు తియ్యాల, పేగు తియ్యాల, ముక్క సూసి వంక పెట్టాల. సిన్నతల్లి ఇలగ కోసీది కాదు, అలగ కోసీదని నా బుర్ర తినీసేరు. ఆ మొదటింటి గున్నమ్మైతే సెప్పక్కర్నేదు. నీ సేతి కత్తికి గుడి కట్టీసేలాగుంది. నడిపల్లీ తీసుకో. జగ్గయ్యవలస మాత్రం ఇవ్వను."

"అదేటక్కా? అది అత్త ఊరు."

"అత్త నాకూ అత్తే. అక్కడ రొయ్య కొంటారు. నీ కోసరం తిరిగి తిరిగి నా మోకాళ్లు రెండూ అరిగిపోయేయి. వాటికి కూలనుకో."

చిన్నతల్లికి ఒళ్లు మండింది. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుంది. ఆపుకున్నాక ఆమెకే వింతగా అనిపించింది. తను జబ్బుపడ్డాక తనకి కోపం తెప్పించిన మొదటి మనిషి మరిడమ్మే. అందరూ పాలు తెచ్చారు, పళ్లు తెచ్చారు, కళ్లొత్తుకున్నారు. ఒక్కరూ పోట్లాడలేదు. ఇంతకీ జగ్గయ్యవలస అంటే నడిపల్లి దాటి, కాలవ గట్టెక్కి, ఎండలో చాలా దూరం. అంత దూరం మోయగలనా అని రాత్రల్లా ఆలోచించింది తనే. ఇప్పుడు ఆ ఊరు పోయిందంటే కోపమూ వచ్చింది, భుజం కొంచెం తేలికా అయింది.

"రొయ్యల ఊరు నొక్కీసేవు, పోనీ," అంది. "ఈ యేటికే. మళ్లీ యేడు అడుగుతాను."

"మళ్లీ యేటికి అడిగీదానివి, గట్టిదానివే. ఆ గంప ఇలగ తే."

ఎర్రన్న పడవ వచ్చింది. మంచి కవళ్లు పడ్డాయి, వెండి పలకల్లా మెరుస్తున్నాయి. చిన్నతల్లి గంప నింపబోతుంటే మరిడమ్మ చేతులు పెట్టి సగం తీసేసింది. "ఇయ్యాల్టికి ఇంతే. ముందు మెడ సంగతి సూసుకో." తర్వాత చుట్ట పక్కకి తీసి, "కుదురేదే?" అనడిగింది.

గంప కింద నెత్తిన పెట్టుకునే గుడ్డ కుదురు. చిన్నతల్లి గంపలో చూసింది, బొడ్లో వెతికింది. అన్ని నెలల తర్వాత బయల్దేరిన కంగారులో దాన్ని ఇంట్లో వదిలేసి వచ్చింది. వెనక్కి వెళ్లి తెచ్చుకునేసరికి ఊళ్ల వైపు వెళ్లే ఆటో పోతుంది. ఆటో పోతే ఎండెక్కుతుంది, చేప మెత్తబడుతుంది.

ఒక్క క్షణం ఆలోచించింది. సముద్రం వైపు తిరిగి, పైట చాటున జాకెట్టులో చెయ్యి పెట్టి, పొద్దున చుట్టి పెట్టుకున్న పేలిక బయటికి లాగింది. కుదురు చుట్టినట్టే చుట్టింది దాన్ని. తలమీద పెడితే సరిగ్గా కూర్చుంది.

చుట్టూ ఉన్న ఆడవాళ్లకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు దించుకున్నారు. మరిడమ్మ మాత్రం అటూ ఇటూ చూసి, "మంచిదే. మాకు గుండెల మీద బరువూ, నెత్తి మీద బరువూ రెండూ ఉన్నాయి. దీనికి ఒకటే" అంది.

మొదట నవ్వింది చిన్నతల్లే. ఆ తర్వాత ఒడ్డంతా నవ్వింది. కళ్లల్లోంచి నీళ్లు కారేలా నవ్వి, నవ్వుతూనే ఒకరినొకరు తోసుకుని మళ్లీ గోల మొదలుపెట్టారు. ఇందాక దారిచ్చినామె, "ఒలే జరుగు, నా పడవొచ్చింది" అని చిన్నతల్లిని మోచేత్తో నెట్టింది.

గంప ఎత్తేటప్పుడు మరిడమ్మ ఎప్పటిలా ఎదురుగా నిలబడలేదు. చుట్టూ తిరిగొచ్చి ఎడమ పక్క నిలబడింది. కుడి పక్క చిన్నతల్లి పట్టుకుంది. బరువు మెడలోకి దిగింది. ఆ బరువు ఎలా ఉంటుందో మెడ మర్చిపోలేదు.

ఆటో ఆమెని రోడ్డు కూడలి దగ్గర దింపింది. అక్కడి నుంచి పాలవలసకి పొలాల మధ్య దారి. మొదటి వాన పడి మడులు తడిసి ఉన్నాయి. చిన్నతల్లి మెల్లిగా నడిచింది. ఒకచోట గట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. ఊరి మొదట్లో కేక వెయ్యాలి. మొదటి కేక పక్క మడి దాకా కూడా పోలేదు. ఇంకోసారి ప్రయత్నించింది.

"కవళ్లోయ్... పచ్చి కవళ్లు..."

మొదటి ఇల్లు గున్నమ్మది. ఆ ఇంటి గచ్చు మీద గంప దిగితేనే ఊళ్లో మిగతా ఆడవాళ్లు వస్తారు. కేక విన్నప్పుడే గున్నమ్మ లోపల్నుంచి, "ఇది మరిడమ్మ గొంతు కాదే" అంటూ వచ్చింది. వయసు మళ్లిన రైతు మనిషి. చేతులకి బియ్యప్పిండి అంటుకుని ఉంది. వెనక కోడలు రేఖ చేట పట్టుకుని నిలబడింది.

"ఒలమ్మ, సిన్నతల్లే! గుజరాతు వీరావల్ పనికెల్లిందని సెప్పింది మరిడమ్మ. ఎప్పుడొచ్చీసేవు?" అంటూనే గున్నమ్మ చేతులు తుడుచుకుని గంపకి చెయ్యి వేసి దించింది. గంప గచ్చు మీద కూర్చుంది.

గంప దిగింది కాబట్టి ఊరు తనదైంది. కుదురు తీయడానికి కొంగు జరిపేసరికి తల కనబడింది. కొత్తగా మొలిచిన జుట్టు పొట్టిగా, ఉంగరాలు ఉంగరాలుగా ఉంది.

గున్నమ్మ మొహం విప్పారింది. "అప్పన్నకిచ్చీసేవేటి జుట్టు? సింహాచలం ఎల్లొచ్చేవా?" అని ముందుకొచ్చి ఆ తల మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తన కళ్లకద్దుకుంది. "ఒలే రేఖా, సింహాద్రి అప్పన్నకి తలనీలాలిచ్చొచ్చిన మనిషే. ఒలే, ఇలగ రండే. మరి ప్రసాదమేదే?"

అప్పటికే పక్కింటి నుంచి దుర్గాభవాని గిన్నె పట్టుకుని వచ్చింది. ఎదురింట్లోంచి ఇంకో ఇద్దరు వచ్చారు. ప్రసాదమన్న మాట విని కుడిచేయి చాపారు.

చిన్నతల్లి చూసింది ఆ చేతుల వంక. అవునంటే సరిపోతుంది. మరిడమ్మ జబ్బు సంగతి దాచి వీరావల్ అంది, వీళ్లు సింహాచలం అంటున్నారు. ప్రసాదం ఇంట్లో మర్చిపోయాను, రేపు తెస్తానంటే చాలు. జుట్టు పెరుగుతుంది. జాకెట్టులో పేలిక ఉంటుంది. ఎవరికీ తెలియదు.

కానీ గున్నమ్మ ఆ తల తాకిన చెయ్యి కళ్లకద్దుకుంది. అప్పన్నకి ఇవ్వని జుట్టుని ఇచ్చానని చెప్పి, మొదటి వేట రోజున, మొదటి గంప దించిన గచ్చు మీద నిలబడి అబద్ధమాడితే, రేపు తెల్లారి మళ్లీ సముద్రంలోకి దిగేది ఎర్రన్న. చిన్నతల్లి కొంగు మళ్లీ తల మీదికి లాక్కోలేదు.

"సింహాచలం ఎల్లనేదమ్మా. జుట్టు మందులకి రాలిపోనాది. రొమ్ము క్యాన్సరు. తీసీసేరు. వీరావల్ కూడా ఎల్లనేదు, విశాపట్నం ఆసుపత్రిలో ఉన్నాను. ఇప్పుడు తగ్గిపోనాది, పని సేసుకోమన్నారు."

చాపిన చేతులు ఒకటొకటిగా దిగాయి. దుర్గాభవాని చేపల మీద పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసుకుని, గిన్నె కొంగు కింద పెట్టుకుంది. "అది... అంటుకునీదేటి?" అంది చిన్న గొంతుతో, ఎవరినీ చూడకుండా.

"అంటుకోదమ్మా. డాక్టరమ్మ సెప్పింది."

డాక్టరమ్మ మాట ఆ గచ్చు మీద పెద్దగా పని చేసినట్టు లేదు. చిన్నతల్లి వంగి గంప అంచు పట్టుకుంది. ఎత్తుకుని వెళ్లిపోవాలన్నా ఎవరో ఒకరు చెయ్యి వెయ్యాలి. ఆ మాట అడగలేక గంప అంచే పట్టుకుని ఉంది.

గున్నమ్మ ఇంతసేపూ చిన్నతల్లినే చూస్తోంది. జుట్టు చూసింది, పైట చూసింది, ఎడమ చెయ్యి చూసింది. అప్పుడు దుర్గాభవాని వైపు తిరిగింది.

"అంటుకునీదైతే ముందు ఆ ఎర్రన్నకి అంటుకోవాల గదే. ఆడు మొన్న మా ఊరి కల్లుపాకలో ఇంతేసి రొమ్ము ఇరుసుకుని తిరిగేడు."

రేఖ చేట మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎదురింటామెకి నవ్వాగలేదు. దుర్గాభవాని కూడా నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, గిన్నె కొంగులోంచి తీసి గచ్చు మీద పెట్టింది.

"మా ఆయనకి కవళ్లంటే పేనం. ఏయి," అంది.

గున్నమ్మ గంప పక్కన గొంతుక్కూర్చుంది. చేపల మొప్పలు ఎత్తి చూసింది, కళ్లు నొక్కి చూసింది. "పచ్చివే. పన్నెండు ఎయ్యి. పులుసుకి కొయ్యి."

"కొయ్యలేనమ్మా. ఎడమ సేతికి కోత పడకూడదన్నారు. ఇంటికాడ కోసుకోండి."

గున్నమ్మ చేస్తున్న పని ఆపింది. "కొయ్యవా?"

"కొయ్యను."

"నీ సేతి ముక్క కోసరం ఆ మరిడమ్మ నరికిన సేపలు ఇన్నాళ్లు ఓర్సుకుని తిన్నాను. ఇప్పుడొచ్చి కొయ్యనంటావేటి?"

"రేఖ కోస్తాది. నాను పక్కన కూసుని ఎలగ కొయ్యాలో సెప్తాను."

"అయితే కోత నాది, కూలి నీకా? కోసివ్వవు గాబట్టి కొసరు రెండెయ్యి."

"ఒకటేస్తాను."

"రెండు."

"ఒకటే. మొదటి వేట గున్నమ్మా, సముద్రం నా కోసరం గంప నింపనేదు."

"సచ్చి బతికొచ్చిందని జాలిపడదామనుకున్నాను. దీనికి జాలి పడీలాగుందా? బుద్ధి ఎక్కడికీ పోనేదు." గున్నమ్మ గంపలోంచి ఒక చేప తనే తీసి రేఖ చేటలో పడేసి, ఇంకోదానికి చెయ్యి పెట్టబోయింది. చిన్నతల్లి కుడి చేత్తో ఆ చెయ్యి మీద ఒక దెబ్బ వేసింది. గున్నమ్మ నొచ్చుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని, "బలమొచ్చింది దీనికి" అంది పక్కవాళ్లతో.

రేఖ కత్తిపీట తెచ్చుకుని, గుప్పెడు బూడిద పక్కన పెట్టుకుని కూర్చుంది. చిన్నతల్లి ఆమెకెదురుగా కూర్చుంది. "తోక కాడినుంచి తల కేసి తియ్యమ్మా పొలుసు. అలగ కాదు, కత్తి వాల్చు. ఆఁ. ఇప్పుడు పొట్ట. లోతుగా దించీకు, సేదుతిత్తి పగిలిపోతాది." రేఖ మొదటి చేప కొంచెం నలిపేసింది. రెండోది బాగానే వచ్చింది. మూడోదానికి గున్నమ్మ ఏ వంకా పెట్టలేదు. వంక పెట్టకపోవడమే గున్నమ్మ మెచ్చుకోవడం.

మిగతావాళ్లూ ఎవరి కత్తిపీట వాళ్లు తెచ్చుకున్నారు. కొసరు దగ్గర ప్రతి ఒక్కరూ గొడవ పెట్టారు. ఇంతకుముందు కంటే ఎక్కువే పెట్టారు, కోత లేదన్న వంక దొరికింది కాబట్టి. చిన్నతల్లి ఎవరికీ ఒకటి కంటే ఎక్కువ వెయ్యలేదు. గొంతు బొంగురుపోయింది. గున్నమ్మ మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చింది, తర్వాత గంజి కూడా తెచ్చింది, ఏమీ అడగకుండానే.

గంజిలో ఉప్పు సరిపోయింది. రుచి తెలుస్తోంది. చిన్నతల్లి గిన్నె ఖాళీ అయ్యేదాకా దించలేదు.

నడిపల్లికి కొంచెం చేప మిగిల్చుకుని లేచింది. కుదురు తల మీద పెట్టుకుంది. రేఖ గంప ఎత్తడానికి ఎదురుగా వచ్చి నిలబడితే, "ఎడమ పక్కకి రామ్మా" అంది. ఈసారి ఆ మాట అడగడానికి ఇబ్బందిగా అనిపించలేదు.

గంప నెత్తికెక్కింది. వీధి మలుపు దాకా వెళ్లిందో లేదో గున్నమ్మ వెనకనుంచి కేకేసింది.

"ఒలే, రేపు కూడా కవళ్లే తీసుకుని దిగీకు. నెత్తళ్లు దొరికితే తే. రోజూ ఒకటే సేపంటే ఈల్లు నన్ను తింటారు."

నెత్తిన గంపుంటే వెనక్కి తిరగడానికి లేదు. చిన్నతల్లి తిరగకుండానే, "సముద్రం ఏటిస్తే అదే తెస్తాను. నీ ఇంటి వొంట నాకు తెల్దా?" అంది.

అవతల గున్నమ్మ ఇంకేదో తిడుతోంది. వినబడినంత మేర వింటూ నడిపల్లి దారి పట్టింది.